మైలుతుత్తంలో రాగి కడ్డీ

ఎవరైనా నాకు ఏదైనా అంకె చెప్తే నా నోట వెంటనే వచ్చే మాట ఒకటుంది. దేనితో పోలిస్తే? ఈ అలవాటు వల్ల హాస్టల్లో నాకేమీ మంచి పేరు రాలేదు. పక్క మంచం అమ్మాయి మాక్ టెస్టులో డెబ్బై వచ్చాయని మురిసిపోతూ చెప్తే, మిగతావాళ్లకు ఎంతెంత వచ్చాయని అడిగి ఆ పిల్ల మొహం మాడిపోయేలా చేశాను. ఆ తర్వాత ఆమె తన మార్కులు నాకు చెప్పడం మానేసింది. నేను కావాలని చేసింది కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పని మనిషికి అంటుకుంటుంది.

పంజాగుట్టలో ఒక మందుల షాపు పైన, ఇరుకు మెట్లెక్కి పోతే మా ఆఫీసు. పాత బిల్డింగుల కాంక్రీటు ఎలా ఉందో పరీక్షించి చెప్పడం మా పని. నేను చదివింది కెమిస్ట్రీ ఎమ్మెస్సీ. ఉండేది అమీర్‌పేటలో. అక్కడ ఉంటూ కెమిస్ట్రీ చదివానని చెప్పుకోవడం ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది. కరెంటు స్తంభం నుంచి మెట్రో పిల్లర్ దాకా ఎక్కడ చూసినా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే. హాస్టల్లో చేరిన రోజే ఒకమ్మాయి ఏ కోర్సని అడిగింది. కోర్సు కాదు, ఉద్యోగం అన్నాను. ఏ టెక్నాలజీ అంది. ఇనుము తుప్పు అన్నాను. జోకు వేశాననుకుని నవ్వింది, నేనూ నవ్వి ఊరుకున్నాను.

కాంక్రీటు లోపల ఇనుప చువ్వలు ఉంటాయి. అవి కంటికి కనబడవు. వాటికి తుప్పు పడుతోందో లేదో స్లాబు పగలగొట్టకుండా తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. తుప్పు పట్టడమంటే ఇనుము తన ఎలక్ట్రాన్లను వదులుకుంటూ కరిగిపోవడమే. అలా కరుగుతున్న చోట దాని పొటెన్షియల్ కిందికి దిగుతుంది. దాన్ని కొలిస్తే సంగతి తెలిసిపోతుంది కదా అనిపిస్తుంది. చిక్కేమిటంటే, ఒక్కదాని పొటెన్షియల్‌ను ఒంటరిగా కొలిచే మీటరు లోకంలో లేదు. మీటరుకు రెండు వైర్లుంటాయి, అది ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా ఒక్కటే చెప్తుంది. ఒక వైరు చువ్వకు తగిలించాం, బాగానే ఉంది. రెండోది దేనికి తగిలించాలి? ఏదో ఒక లోహం ముక్కకు తగిలిస్తే దాని సంగతీ మనకు తెలియదు. తెలియనివి రెండు పెట్టుకుని మధ్య తేడా తెలుసుకుంటే ఒరిగేదేమీ లేదు. అందుకని రెండోది కదలనిది, ఎప్పుడు చూసినా ఒకే చోట నిలబడి ఉండేది కావాలి. దాన్నే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ అంటారు.

పేరు పెద్దదే గానీ చూడ్డానికి ఏమీ ఉండదు. మా కిట్‌లోది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం. లోపల నీలంగా మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ కలిపిన నీళ్లు, మధ్యలో రాగి కడ్డీ, అడుగున చెక్క బిరడా. ఆ చెక్క సన్నగా చెమరుస్తూ ఉంటుంది. లోపలి నీళ్లు కారిపోకుండానే కింద తడి కాంక్రీటుతో సంబంధం కలుస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదంతా ఫోన్లో నాయినకు వివరంగా చెప్పాను.

"నిమ్మచెట్లకు కొట్టే మైలుతుత్తమేనా? దానికోసం గంత చదువు చదివినవా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది గానీ ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

గొట్టంలో జరిగేది ఇది. కడ్డీ మీది రాగి కొంత కరిగి నీళ్లలోకి పోతుంటుంది. నీళ్లలోని రాగి అంతే వచ్చి కడ్డీ మీద కూచుంటుంది. పోయేదీ వచ్చేదీ సరిసమానమైన దగ్గర ఒక పొటెన్షియల్ స్థిరపడుతుంది. అది నీళ్లలో మైలుతుత్తం ఎంత చిక్కగా ఉందో దాన్నిబట్టి ఉంటుంది కాబట్టి ఆ చిక్కదనం మారకూడదు. అందుకోసం గొట్టం అడుగున ఎప్పుడూ కరగకుండా మిగిలిన మైలుతుత్తం పలుకులు కొన్ని ఉండేలా చూస్తాం. ఒక చుక్క నీరు ఎక్కువైతే పలుకులు కరిగి సరిచేస్తాయి. కాస్త ఆవిరైతే మళ్లీ పలుకులు కడతాయి. పలుకులు కనబడుతున్నంత కాలం చిక్కదనం మారలేదని నమ్మొచ్చు. ఇంకో జాగ్రత్త ఉంది. ఆ గొట్టం గుండా కరెంటు పోనివ్వకూడదు, పోతే సమానం చెడుతుంది. అందుకే కరెంటును దాదాపు పోనివ్వని మీటరు వాడతాం. పోల్చుకోవడానికి పెట్టుకున్నదానితో పని చేయించకూడదన్నది మా ఆఫీసు సారు నాకు నేర్పిన మొదటి మాట.

సారుది రాజమండ్రి వైపు. రిటైరయ్యే వయసు, గొంతు పెంచని మనిషి. ఆఫీసు అల్మరాలో ఆయన ఇంకో గొట్టం దాచి ఉంచుతాడు. అది అసలు గడప దాటదు. మేం సైటుకు తీసుకుపోయే గొట్టాన్ని పోయే ముందూ వచ్చిన తర్వాతా దాని పక్కన ఒకే గిన్నెలో నిలబెట్టి, రెంటి మధ్యా మీటరు పెట్టి చూస్తాం. రెండూ ఒక జాతివే కాబట్టి తేడా సున్నా దగ్గర ఉండాలి. లేకపోతే ఆ రోజు కొలిచిందంతా చెత్తబుట్టలోకే.

ఇక మా హాస్టల్ సంగతి. అమీర్‌పేట సందుల్లో ఉన్న వందల లేడీస్ హాస్టళ్లలో అదొకటి. నడిపే ఆమెను మేమందరం అక్కా అనే పిలుస్తాం. సొంతూరు జనగామ దగ్గర. భర్త పోయాక బిల్డింగు మొత్తం కిరాయికి తీసుకుని హాస్టల్ పెట్టింది. అదే ఆమెకు ఇల్లు, అదే బతుకుదెరువు. ఆమె చేతికి ఒక జబ్బుంది. మురికిగా ఏది కనబడినా ఊరుకోదు. ఎవరి టిఫిన్ డబ్బా సింకులో కనబడినా తోమి బోర్లిస్తుంది, ఎవరి చెప్పులు బురదగా ఉన్నా కడిగేస్తుంది. అడగదు, చేశానని చెప్పదు. మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది, తర్వాత హాయిగా అలవాటు పడ్డాను.

మేడ మీద ఒక మూల బట్టలుతికే చోటు ఉంది. ఇంతమంది ఆడపిల్లల బట్టల నీళ్లు ఏళ్ల తరబడి అక్కడే నిలిచి, స్లాబులోకి ఇంకుతూ వచ్చాయి. సరిగ్గా దాని కిందిదే మా గది. సీలింగు మీద తుప్పు రంగు మరక పడింది, అక్కడక్కడా పెచ్చులు రాలాయి. ఒక పెచ్చు నా దిండు మీదే పడింది. ఓనర్‌కు ఫోన్ చేస్తే, బిల్డింగ్ మస్తు గట్టిగున్నది, సున్నం కొట్టించుకోమన్నాడట.

అక్క ఒకరోజు నా మంచం మీద కూచుని పైకి చూస్తూ అంది, "నువ్వు అందరి ఇండ్లు చూస్తవు గద బిడ్డా. మన ఇల్లు జర చూడరాదు?"

"చూస్త అక్కా. కానీ ఏమొస్తదో నేను చెప్పలేను."

"ఏమొచ్చినా చెప్పు. కొత్త బ్యాచ్ పిల్లలు బుధవారం వస్తమంటున్నరు. పై అంతస్తుల ఖాళీ రూములు వాళ్లకే ఇయ్యాలె. ఇయ్యొచ్చా, ఇయ్యొద్దా, అది చెప్పు చాలు."

ఆమెకు అది చిన్న ప్రశ్న కాదు. పై అంతస్తు ఇవ్వకపోతే ఆ పిల్లలు పక్క సందులో హాస్టల్‌కు పోతారు, వాళ్ల వెనక వచ్చేవాళ్లూ అటే పోతారు. అమీర్‌పేటలో ఒక హాస్టల్‌లో స్లాబు బాగాలేదనే మాట పుట్టిందంటే సాయంత్రానికల్లా అన్ని హాస్టళ్లకూ చేరుతుంది. అది నాకూ తెలుసు, అందుకే కొంచెం భయపడుతూనే ఒప్పుకున్నాను.

సారును అడిగితే కిట్ తీసుకుపొమ్మన్నాడు. "శనివారం ఎలాగూ సెలవే కదమ్మా, చూసుకో. సోమవారం ఇక్కడ చెక్ చేసేదాకా మాత్రం ఎవరికీ ఖాయంగా ఏం చెప్పకు."

శుక్రవారం సైటు నుంచి నేరుగా హాస్టల్‌కు వచ్చాను. గొట్టం నిండా సిమెంటు దుమ్ము పడి ఉంది. పాత ద్రావణం ఒక సీసాలోకి వంచేసి, కడ్డీని గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది, గొట్టం, కడ్డీ, బిరడా కడిగి మేడ మీద ఉతికే చోటు పక్కన గట్టు మీద ఆరబెట్టాను. చీకటి పడింది కాబట్టి కడ్డీ ఎంత శుభ్రమైందో సరిగ్గా చూసుకోలేదు. పొద్దున వెళ్లి చూస్తే అది తళతళలాడుతోంది. నా చేతి పనే అనుకుని మురిసిపోయాను. కొత్త ద్రావణం నింపి, అడుగున పలుకులు వేసి, చెక్క నానేదాకా ఆగాను.

అక్క సుద్దముక్కతో మేడ నేల మీద చుక్కలు పెట్టింది. జానెడు జానెడు దూరంలో పెట్టమన్నాను, ముగ్గు చుక్కల్లా ఒక్కటి కూడా వంకర పోకుండా పెట్టింది. పిట్టగోడ దగ్గర పెచ్చు లేచి బయటపడ్డ చువ్వకు ఒక వైరు బిగించాను. రెండో వైరు గొట్టంలోని కడ్డీకి. ఒక్కో చుక్క దగ్గర నేల తడిపి, స్పాంజి వేసి, గొట్టం నిలబెట్టి మీటరు చూస్తూ పోయాను. అక్క చెంబుతో నీళ్లు పోస్తూ నా వెనకే వచ్చింది.

ఈ కొలతలన్నీ సున్నా కిందే వస్తాయి. ఎంత కిందికి పోతే అంత చెడ్డ. మైలుతుత్తం ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే మైనస్ రెండు వందల మిల్లీవోల్టుల లోపు ఉన్నచోట తుప్పు లేదని దాదాపు నమ్మొచ్చు. మైనస్ మూడు వందల యాభై దాటితే తుప్పు పడుతోందని దాదాపు నమ్మాలి. మధ్యలో ఉంటే ఏమీ చెప్పలేం. ఇది ముందే అక్కకు చెప్పాను. పొడిగా ఉన్న వైపు నూరు, నూట ఇరవై వచ్చాయి. ఉతికే చోట రెండు వందల యాభై, డెబ్బై, ఒకచోట మూడు వందలకు కాస్త ఇటుగా ఆగింది.

"మూడు వందల యాభై దాటలే గద?" అని అడిగింది అక్క.

"దాటలేదు. కానీ ఇది ఇంకా ఖాయం కాదక్కా. సోమవారం ఆఫీసుల ఈ గొట్టాన్ని చెక్ చేసినంకనే ఏమన్న చెప్పగలుగుత."

"దాటలే గద," అంది మళ్లీ. చెంబు పిట్టగోడ మీద పెట్టి రెండు చేతులూ జోడించి పైకి చూసింది.

ఆ మధ్యాహ్నం అందరికీ సేమియా పాయసం వడ్డించింది. నాకు రెండోసారి కూడా పోసింది. కొత్త పిల్లలకు ఫోన్ చేసి బుధవారం వచ్చేయమని చెప్పడం నేను పాయసం తాగుతూ విన్నాను. ఆపుదామనిపించింది. ఆమె మొహం చూసి ఆపలేదు. ఎన్నాళ్లకో ఆమె అంత తేలిగ్గా ఊపిరి పీల్చడం చూశాను, నాకూ సంతోషంగానే ఉంది.

సోమవారం పొద్దున రెండు గొట్టాలూ గిన్నెలో నిలబెట్టి మీటరు పెట్టాను. సున్నా దగ్గర ఉండాల్సిన తేడా వంద దాటి నిలబడింది. వైర్లు విప్పి మళ్లీ బిగించాను. మారలేదు.

సారు వచ్చి కళ్లజోడు పైకి నెట్టి చూశాడు. "ఏంటమ్మా, ఇంత తేడా ఏంటి? ఏం కలిసింది ఇందులో?"

"ఏం కలపలేదు సార్. కొత్త ద్రావణమే."

ఆయన గొట్టాన్ని కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. అల్మరాలోని దాని పక్కన పెట్టి చూస్తే నీలంలో ఒక రవ్వ ఆకుపచ్చ తిరిగినట్టు నాకూ అనిపించింది. ఒక చుక్క తీసి బాగా పలచన చేసి, కాస్త నైట్రిక్ యాసిడ్ వేసి, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వదిలాడు. పరీక్షనాళికలో తెల్లగా విరిగిన పాలలాగా పేరుకుంది. కాంక్రీటులో ఉప్పు ఉందో లేదో చూడ్డానికి మేం రోజూ చేసే పరీక్షే అది.

"ఉప్పు," అన్నాడు సారు. "ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత ఆలోచిద్దాం. కొలతలు ఎటు తప్పుతాయో చెప్పు ముందు."

నేను గోడ వైపు తిరిగి ఆలోచించుకున్నాను. మైలుతుత్తం గొట్టంలోకి ఉప్పు చేరితే రాగి కడ్డీ మీద దాని పొర ఏర్పడి, కడ్డీ పొటెన్షియల్ తన మామూలు చోటు నుంచి కిందికి దిగుతుంది. మేం కొలిచేది కడ్డీకీ ఇనుముకూ మధ్య దూరం. ఇనుము ఎంత దిగిందో చూడాలనుకుంటే కడ్డీ కూడా దిగి కూచుంది, దూరం తగ్గినట్టు కనిపించింది. గట్టు కుంగిన బావిలో నీళ్లు పైకొచ్చినట్టు అనిపించడం లాంటిదే ఇది. స్లాబు కనబడినంత బాగా లేదు.

"ఉన్నదానికన్నా మంచిగా కనబడతాయి సార్," అన్నాను. "ఆ వంద కలిపేసుకుంటే సరిపోదా?"

"ఈ గంటలో వంద. శనివారం ఏ చుక్క దగ్గర ఎంత తప్పిందో నీకెలా తెలుస్తుంది? నిలకడ లేనిదాన్ని సరిచేయలేవమ్మా. మళ్లీ కొలవాలి."

ఆయనే కొత్త బిరడా, కొత్త కడ్డీ తీసి ఇంకో గొట్టం తయారుచేసి ఇచ్చాడు. అల్మరాలోని దాని పక్కన పెట్టి తేడా సున్నా దగ్గర నిలబడిందని ఇద్దరం చూసుకున్నాం. దాన్ని సంచిలో పెట్టుకుని సాయంత్రం పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు నడిచాను. మామూలుగా మెట్రో ఎక్కేదాన్ని. ఆ రోజు ఆలస్యంగా చేరితే బాగుండనిపించింది. తప్పు నాది కాదని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, అయినా ఆమె చేతి పాయసం తిని ఆమెకే చేదు చెప్పబోతున్నట్టు ఉంది. నిజం చెప్పొద్దూ, నా మీద కన్నా ఆమె మీదే కోపం వచ్చింది. ఖాయం కాదన్నాక కూడా ఎందుకు సంతోషపడింది?

అక్క వంటింట్లో కత్తిపీట ముందు కూచుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎర్రగడ్డ రైతుబజార్ నుంచి తెచ్చిన సంచి పక్కనే ఉంది.

"అక్కా, శనివారం కొలిచింది లెక్కలకు రాదు. మళ్ల కొలవాలె."

"ఎందుకు? మంచిగున్నదని నువ్వే అంటివి గద."

"అనలే. ఖాయం కాదన్న."

"నువ్వన్నదంత నాకు యాదుంటదా బిడ్డా? నాకు కావలసింది యాదుంటది." నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. "ఏమైంది?"

"గొట్టంల ఉప్పు కలిసింది. ఎట్ల కలిసిందో తెలుస్తలేదు."

"ఉప్పా?" ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. మెల్లగా అంది, "ఆ రాగిది మచ్చలు మచ్చలుగ కనవడ్డది. శుక్రవారం రాత్రి పూజ చెంబుతోటి అది సుత నానవెట్టిన. చింతపండు, గల్లుప్పు. పొద్దుగాల తోమి మళ్ల గట్టు మీదనే పెట్టిన."

"బిరడా? ఆ కట్టె ముక్క?"

"అది సుత అండ్లనే ఏసిన. మురికి వోతదని."

రాత్రంతా ఉప్పు పులుసులో నానిన చెక్క ఎంత ఉప్పు పీల్చుకుంటుందో చెప్పనక్కర్లేదు. పైపైన కడిగితే పోయేది కాదు. నేను నింపిన ద్రావణంలోకి అది మెల్లగా ఊరుతూనే ఉండి ఉంటుంది. నా చేతి పనేనని మురిసిన ఆ మెరుపు కూడా ఆమెదే. నవ్వూ కోపమూ కలిసి వచ్చి, కోపమే గెలిచింది.

"నా సామాను నీకెందుకక్కా? అన్నిటి మీద చెయ్యి పెట్టాలెనా?" అన్నాను. వంటింటి గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఒకతె గ్లాసు తీసుకోకుండానే వెనక్కి పోయింది.

అక్క తల వంచుకుని మిగిలిన చిక్కుడుకాయలు తుంచింది. ఆఖరిది అయిపోయాక అడిగింది, "అంటే నేను తోమినందుకు ఇల్లు పాడైందా?"

నా కోపం అక్కడే జారిపోయింది. "ఇల్లు కాదక్కా. కొలత పాడైంది. ఇల్లు ఎట్లున్నదో అట్లనే ఉన్నది."

"ఎట్లున్నది మరి?"

"అదే తెల్వదు. శనివారం కనవడ్డంత మంచిగనైతే లేదు."

ఆమె చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది. "మళ్ల కొలవకుంటె ఏమైతది?"

ఆమె అలా అడుగుతుందని నేను అనుకోలేదు. అడగదగ్గ ప్రశ్నే. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు, ఓనర్ గట్టిగున్నదంటున్నాడు, శనివారం నంబర్లు ఉండనే ఉన్నాయి. ఊరుకుంటే ఎవరూ అడిగేవాళ్లు లేరు.

"దాని కిందనే నా మంచం ఉన్నదక్కా," అన్నాను.

అక్క లేచి చేతులు కడుక్కుంది. "రేపు పొద్దుగాల్నే ఎక్కుదాం," అంది.

మర్నాడు మేడ మీద ఆమె పెట్టిన చుక్కలు ఇంకా చెరిగిపోలేదు. ఉతికే చోట తడికి పోయినవాటిని మళ్లీ పెట్టింది. ఈసారి గొట్టాన్ని నేను సంచిలోంచి తీస్తుంటే దూరంగా జరిగి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని నిలబడింది. నీళ్లు పొయ్యమంటే పోసింది, స్పాంజి పెట్టమంటే పెట్టింది. పొడి వైపు రెండు వందలకు అటూ ఇటూ వచ్చాయి. ఆ వైపు శనివారం నూరు, నూట ఇరవై వచ్చిన చోటే. ఉతికే చోటుకు రాగానే నాకు చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె నా భుజం మీది నుంచి వంగి మీటరు తనే చదివింది.

"మూడు వందల డెబ్బై."

స్పాంజి తీసి పక్క చుక్క మీద పెట్టింది.

"మూడు వందల ఎనభై ఐదు. ఇది నాలుగు వందలు దాటింది."

ప్రతి చుక్క చుట్టూ సుద్దతో సున్నా చుట్టుకుంటూ పోయింది. మూల మొత్తం సున్నాలతో నిండింది. నేను వైరు విప్పుతూ చెప్పాల్సింది చెప్పాను. తుప్పు పడుతున్నట్టే లెక్క, ఎంత తిన్నదో మాత్రం ఈ గొట్టం చెప్పలేదు, తెరిచి చూస్తేనే తెలుస్తుంది, అంతదాకా కింద ఎవరూ పడుకోకూడదు.

ఆమె నేను చెప్పేది పూర్తిగా వినకుండానే మెట్లు దిగింది. నేను కిట్ సర్దుకుని కిందికి వచ్చేసరికి మా గదిలో మంచాలు బయటికి లాగుతోంది. నా మంచం అప్పటికే వరండాలో ఉంది. అది ఇనుప మంచం, బరువుది. ఒక్కతే లాగింది. తర్వాత వరండాలోనే నా మంచం అంచున కూచుని కొత్త పిల్లలకు ఫోన్ చేసింది.

"ఇప్పుడు రాకుండ్రి బిడ్డా. పైన పని వడ్డది. లేదు, ఎన్ని రోజులైతదో చెప్పలేను. మీరు వేరే దగ్గర చూసుకోండ్రి." అవతల ఏమన్నారో వినబడలేదు. "నిజమే, రమ్మన్నది నేనే. తప్పు నాదే," అంది. ఎవరికి చేసినా ఆ చివరి మాట చెప్పింది. నాకు ఆ మాట వినబుద్ధి కాలేదు, లోపలికి పోయి నా బట్టలు మూట కట్టుకున్నాను.

ఓనర్‌తో మాట్లాడ్డానికి ఆఫీసులో సారు తనంతట తానే నా ఫోన్ తీసుకున్నాడు. గొంతు పెంచకుండా, అండీ అండీ అంటూనే, తెరిపించక తప్పని చోటికి ఆయన్ని తీసుకొచ్చాడు. యూసుఫ్‌గూడ నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. ఖాళీ చేసిన మా గదిలో స్టూలు వేసుకుని, తుప్పు మరక దగ్గర ఉలి పెట్టి సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. పళ్లెమంత పెచ్చు ఊడి నేల మీద పడింది. నేనూ అక్కా గుమ్మంలో నిలబడ్డాం. దుమ్ము తగ్గాక చూస్తే, గచ్చు మీద నా మంచం కాళ్లు పెట్టిన నాలుగు మచ్చలున్నాయి. పెచ్చు వాటి మధ్యలోనే పడింది, తల వైపు.

మేస్త్రీ పైన బయటపడ్డ చువ్వను పట్టుకుని కొంచెం వంచాడు. అది చేతిలోకి విరిగి వచ్చింది. "ఇది ఎప్పుడో అయిపోయిందమ్మా," అని అక్క చేతిలో పెట్టాడు.

అక్క దాన్ని వెలుతురులోకి తెచ్చింది. వేలెడంత ముక్క. ఎంత ఉబ్బి ఉందంటే మొదట చూస్తే బలంగానే ఉందనిపిస్తుంది. ఆమె అలవాటు కొద్దీ కొంగు తీసుకుని దాన్ని తుడవడం మొదలుపెట్టింది. పొరలు పొరలుగా ఊడింది. ఇంకా రుద్దింది. కొంగంతా ఎర్రగా అయింది, ముక్క సన్నబడుతూ పోయింది. లోపల మెరిసేది ఏమీ రాలేదు. చివరికి ఆమె వేళ్ల మధ్య గుండుసూదంత ఇనుము మిగిలింది.

రుద్దడం ఆపేసింది. గదిలోకి తిరిగి ఆ నాలుగు మచ్చల వైపు, మధ్యలో పడ్డ పెచ్చు వైపు చూసింది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. 

"పాయసం పోసిన నీకు," అంది. "దాని కిందనే పండవెట్టిన."

నేను ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు.

"నీ మంచం ఇంక నా రూంలనే ఉండనీ."

పై అంతస్తు మరమ్మతు అయి, కొత్త స్లాబు పడి, ఇంకో కొత్త బ్యాచ్ పిల్లలు వచ్చి చేరారు. నా మంచం ఇప్పటికీ ఆమె గదిలోనే ఉంది.